చేతివాటం

"ఏదీ, గింజ యే చేతిలో ఉండాదో చెప్పు పాపా," అనింది హజరాబీ, రెండు పిడికిళ్ళూ ముందుకు చాపి.

ఈశ్వరయ్య ఇంటి వెనక వసారాలో నాలుగు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి వున్నాయి. వాటి మధ్య కాళ్ళు చాపుకొని కూర్చొని ఆమె పొద్దున్నుంచీ బొంత కుడుతోంది. ఏటా ఎండాకాలంలో ఐదు రోజులు వచ్చి, ఇంట్లో చిరిగిన చీరలన్నీ బొంతలు చేసిపోవడం ఆమె అలవాటు. నాలుగేళ్ళ పాప కుడి పిడికిలి మీద వేలు పెట్టింది. హజరాబీ పిడికిలి విప్పింది. గింజ లేదు. ఎడమ పిడికిలి విప్పింది. అందులోనూ లేదు. పాప నోరు తెరుచుకొని చూస్తూ వుంటే, వంగి దాని జుట్టులోంచి చింతగింజ తీసి పక్కన పెట్టి, మళ్ళీ సూది అందుకుంది.

పాప తల్లి గౌరి గడపలో కూర్చొని గోరుచిక్కుళ్ళ ఈనెలు తీస్తోంది.

"ఇంగోతూరి చెయ్యి," అనింది. పాపకంటే ముందు తనే అడిగినందుకు ఆమెకే సిగ్గేసింది.

హజరాబీ మళ్ళీ చేసింది. ఈసారి గౌరి రెప్ప వేయకుండా చూసింది. అయినా గింజ పోయింది.

"నా మొగుడు హుమాయున్ చేసేదాంట్లో యిది పావొంతు గూడా కాదు," అనింది హజరాబీ. "గండి తిరునాళ్ళలో, జమ్మలమడుగు సంతలో ఆయన గారడీ మొదలుపెట్టినాడంటే బండ్లు ఆగిపోయేవి. పెట్టె లేదు, కోతి లేదు. చింతగింజలు, టెంకాయ చిప్పలు, దారం ముక్క, అణా బిళ్ళ. నేను పక్కన కూర్చోని తప్పెట కొట్టేదాన్ని. ఆయన పోయి మూడేండ్లాయె."

"నాకు నేర్పిస్తావా?"

"నీకెందుకమ్మా?"

"పాపకు చూపిద్దామని."

హజరాబీ దారం పళ్ళతో తెంపి ఆమె ముఖంలోకి చూసింది.

"నాకే," అనింది గౌరి.

ఆరేండ్ల కింద ఆమె ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. వీధి వైపు బంగారం అంగడి, అంగడి వెనక తెర, తెర వెనక ఇల్లు, ఇంటి వెనక ఈ వసారా. ప్రొద్దుటూరంటే ఆమెకు తెలిసింది తెరకు ఇవతలి భాగమే. వంట నేర్చుకునే వచ్చింది, ముగ్గులు నేర్చుకునే వచ్చింది. వచ్చినాక కొత్తగా నేర్చుకున్నది ఏదీ లేదు.

"ముందు కండ్లు," అనింది హజరాబీ. "నువ్వు యాడ చూస్తే ఎదుటోళ్ళు ఆడే చూస్తారు. నీ చేతిని నువ్వు చూసుకున్న్యావంటే పని చెడిపాయ."

గింజను చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మొదట్లో ఇరికించి పట్టుకోవాలి. గౌరి చెయ్యి కొయ్యముక్కలా బిగుసుకుపోయింది. గింజ రెండుసార్లు జారి బండల మీద టక్కుమని పడింది.

"దాచిన చేతికి పని చెప్పమ్మా. కొంగు సర్దుకో. చెవి గోక్కో. పని జేసే చేతిని ఎవురూ అనుమానపడరు."

ఆ రోజంతా గౌరి గింజను అరచేతిలో పెట్టుకునే కూరగాయలు తరిగింది, నీళ్ళు తోడింది, అత్తకు ఆకు మడిచి ఇచ్చింది. జయలక్ష్మమ్మ ఆకు అందుకొని నమిలింది గానీ ఏమీ చూడలేదు. గౌరికి కడుపులోనుంచి నవ్వు పొంగుకొచ్చింది. పోపు వేసే నెపంతో వంటింట్లోకి పోయి నవ్వుకుంది.

రెండో రోజు హజరాబీ గింజ మార్చడం నేర్పింది. పచ్చి చింతగింజ ఒకటి, వేయించి పొట్టు తీసిన తెల్లగింజ ఒకటి. తెల్లది ముందే వేళ్ళ సందులో వుంటుంది. నల్లదాన్ని అందరికీ చూపించి తీసుకొని, పక్కవాళ్ళతో ఒక మాట మాట్లాడి, కింద పెట్టేది మాత్రం తెల్లది. నల్లది చేతిలోనే వుండిపోతుంది. ఆ ఒక్క మాట మాట్లాడటంలోనే పనంతా. మధ్యాహ్నానికి గౌరికి అది వచ్చేసింది. హజరాబీ సూది ఆపి, "యా అల్లా, నీ చేతిలో నీళ్ళున్న్యట్టుండాదమ్మా. మావాడు చూసింటే మురిసిపోయేవాడు," అనింది. ఎవరైనా తనను అట్లా మెచ్చుకొని ఎన్నాళ్ళయిందో గౌరికి గుర్తు రాలేదు.

*

మూడో రోజు పదకొండు గంటలప్పుడు ఆమె మొగునికి మజ్జిగ తీసుకొని తెర దాకా వచ్చింది. అంగట్లో బేరం వుంటే లోపలికి పోగూడదు. తెర అంచు ఒక వేలెడు పక్కకు లాగి చూసింది.

ఈశ్వరయ్య తెల్లటి మెత్త మీద కూర్చొని వున్నాడు. స్నానం చేసి పెట్టుకున్న విభూతి ఇంకా చెదరలేదు. ఎదురుగా నలభై అయిదేండ్ల రైతు మనిషి, కాళ్ళు దుమ్ము కొట్టుకొని, కొంగు ముడి విప్పుతోంది. పులివెందుల పక్క పల్లెనుంచి వచ్చిన ఓబులమ్మ.

"మా యెద్దు ఒకటి చచ్చిపాయె శెట్టీ. ఒంటెద్దుతో సేద్యమెట్ల జేసేది? మాయమ్మ బంగారు గుండ్లు యివి. పదకొండు. కరువులో గంజి కేంద్రం కాడ చెంబు పట్టుకోని వరసలో నిలబడింది గానీ, వీటిని మెళ్ళోంచి తీయలా."

"పెద్దోళ్ళ సొమ్ము. మంచిగుంటాయి," అన్నాడు ఈశ్వరయ్య మెత్తగా. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగానే వుంటుంది. దారం కోసి గుండ్లు పళ్ళెంలో పోసినాడు. గీటురాయి దగ్గరికి జరుపుకున్నాడు. ఒక గుండు రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురుకు పట్టి ఆమెకు చూపించినాడు.

"మీ పక్క వాన జాడ యేమన్నా ఉండాదామ్మా?" అని వీధి వైపు చూసినాడు.

ఓబులమ్మ వీధి వైపు తిరిగింది. "యాడ వాన శెట్టీ..."

గౌరి మాత్రం వీధి వైపు చూడలేదు. మూడు రోజులుగా ఆమె కండ్లకు ఆ అలవాటు పోయింది. ఈశ్వరయ్య చిటికెన వేలు లోపలికి ముడుచుకుంది. వేళ్ళ సందులోంచి ఇంకొక గుండు జారి ముందుకు వచ్చింది. మొదటిది వెనక్కి పోయింది. ముందుకు వచ్చిన గుండును రాతి మీద గీసినాడు. గీసిన చెయ్యి ఎత్తి నింపాదిగా చెవి గోక్కున్నాడు.

అబ్బ, ఎంత బాగా చేసినాడు, అనుకుంది గౌరి. ఆమెకు మొట్టమొదట కలిగింది సంతోషమే. తన మొగుడు కూడా ఇది నేర్చుకున్నాడనే సంతోషం. మజ్జిగ చెంబు చేతిలో పట్టుకొని, ఇప్పుడాయన తిరిగి ఆ గుండును ఓబులమ్మ కొంగులోంచి తీసి నవ్విస్తాడేమోనని ఒక క్షణం ఎదురు చూసింది కూడా.

ఈశ్వరయ్య నవ్వలేదు. గీటు మీద ద్రావకం చుక్క వేసినాడు. చూసి, నొసలు ముడిచి, నోటితో చప్పరించినాడు. చిన్న ఉలి తీసి గుండును రెండు చీలికలు చేసి ఆమె ముందు పెట్టినాడు. లోపల ఎర్రగా వుంది.

"రాగిదమ్మా యిది. పైన పూత."

ఓబులమ్మ చీలికల్ని అరచేతిలో వేసుకొని చూసింది. చూస్తూనే వుంది.

"మాయమ్మ రాగి కట్టుకోని తిరిగిందా?"

"అట్లెందుకు అనుకోవల్ల? మీ యమ్మ పోయినాక యివి ఎవురికాడ వుండె?"

"మా యన్న యింట్లో. జమ్మలమడుగులో. మా వదినకాడ."

ఈశ్వరయ్య గీటురాయి తుడిచి పక్కన పెట్టినాడు. "ఒకటి రాగైనాక తక్కినవి నేనెట్ల నమ్మేది? మీ నాయన కాలం నుంచి తెలిసినోళ్ళు గాబట్టి సగం ధరకైతే తీసుకుంటా. యోచన చేసుకో," అన్నాడు.

ఓబులమ్మ పది గుండ్లూ, ఆ రెండు చీలికలూ కొంగున కట్టుకొని లేచింది. "ముందు దాన్ని అడిగొస్తా శెట్టీ," అనింది. గబగబా మెట్లు దిగింది.

గౌరి తెర వదిలి చెంబు చెయ్యి మార్చుకుంటుంటే గాజులు దానికి తగిలి చప్పుడైనాయి. మజ్జిగ మళ్ళీ వంటింట్లోకే తీసుకుపోయింది.

మధ్యాహ్నం ఈశ్వరయ్య భోజనానికి కూర్చున్నాడు. ఎప్పటిలాగే పాప వచ్చి తొడ మీద కూర్చుంది. ఆయన అన్నంలో పప్పు వేసి, నెయ్యి పోసుకొని, అయిదు వేళ్ళతో కలిపినాడు. చిటికెన వేలి సందులో నెయ్యి మెరిసింది. ముద్ద చేసి పాప నోట్లో పెట్టినాడు. వేలి కొనలు పాప పెదవులకు తగిలినాయి. గౌరి పాపను ఎత్తుకొని, దాని మూతి కొంగుతో తుడిచింది.

భోజనమైనాక ఆయన ఆకులకోసం చెయ్యి చాపినాడు. గౌరి ఆకులు చేతికి ఇవ్వకుండా తట్టలో పెట్టి తట్టను ముందుకు జరిపింది.

"ఏమాయె?" అన్నాడు.

"ఏం లేదు," అనింది.

ఆయన కునుకు తీసినాక జయలక్ష్మమ్మ దగ్గరికి పోయి కూర్చుంది. ముసలామె తమలపాకుల మీద సున్నం రాసుకుంటోంది. గౌరి చూసింది చూసినట్టు చెప్పింది. జయలక్ష్మమ్మ రాయడం ఆపలేదు.

"తెర యెందుకు కట్టినామో తెల్దా నీకు?" అనింది. "నీ మెళ్ళో గొలుసు, నా చేతి కడియాలు, యీ యింటి పైకప్పు, అన్నీ ఆ మెత్త మిందనుంచి వచ్చినయ్యే. నీ మామది ఇంతకంటే పెద్ద చెయ్యి. నేనేనాడూ ఆ పక్క చూడలా. నువ్వూ చూడబాక."

గౌరి తన మెడలో గొలుసు తడుముకొని చెయ్యి వెనక్కి తీసుకుంది, బురద తాకినట్టు.

*

నాలుగో రోజు ఆమె హజరాబీని సూటిగా అడిగింది. "మా యింట్లోవాళ్ళకు యిది నేర్పించింది ఎవురు?"

హజరాబీ బొంత అంచు మడుస్తోంది. చాలాసేపు మడిచిందే మడిచింది.

"మావాడే. మీ మామకు. పిల్లోళ్ళను ఆడిపిచ్చేదానికని చెప్పి నేర్చుకున్న్యాడు. యెందుకు నేర్చుకున్న్యాడో ఒక యేడాదికి తెలిసొచ్చింది. మావాడు సంతలో రూపాయి మాయం జేస్తే, చిల్లరకు పరిచిన గుడ్డ యెత్తక ముందే ఆ రూపాయి దాని మనిషికి ఇచ్చేసేవాడు. ఇది తెలిసినంక మూడు రోజులు అన్నం తినలా."

"ఎవురికీ చెప్పలేదా?"

"చెబితే నమ్మేదెవరమ్మా? గారడీవాని మాటా, శెట్టి మాటా?" ఆమె సూది గుచ్చి లాగింది. "నాకు ఏటా ఐదు రోజుల పని, పండగకొక చీర. అది యెందుకిస్తాండారో మీ అత్తకు తెలుసు, నాకు తెలుసు. నోరు మూసుకోని తింటాండా."

గౌరి ఆమె వేళ్ళు చూసింది. నిన్నటిదాకా ఎంత అందంగా కనిపించిన వేళ్ళు. తన చేతులు కూడా చూసుకుంది. వసారాలోంచి లేచిపోయి సీకాయపొడి వేసి చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. కడిగినా, నీళ్ళు తుడుచుకునేటప్పుడు చిటికెన వేలు దానంతటది ముడుచుకుంది.

ఆ మధ్యాహ్నం ఈశ్వరయ్య నిద్రపోయినప్పుడు ఆమె అంగట్లోకి పోయింది. మెత్త కింద చెయ్యి పెట్టి తడిమింది. జరదా డబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే పూత పూసిన గుండ్లు ఇరవై దాకా వున్నాయి, సన్నవీ లావువీ, అన్ని రకాలవీ. ఒక్కొక్కటి అరచేతిలో వేసుకొని చూసింది. ఒకటి మాత్రం బరువుగా చేతికి అంటుకున్నట్టు నిలిచింది. దానికి దారం అరిగిన గాడి వుంది, ఎన్నో ఏండ్లు ఒకరి మెడ మీద కదిలిన గాడి. అది కొంగున ముడేసుకొని, డబ్బా ఎక్కడిదక్కడ పెట్టి వచ్చేసింది.

ఓబులమ్మ మరుసటి రోజు పొద్దున్నే వచ్చింది. కండ్లు ఉబ్బి వున్నాయి. మెట్ల మీద కూలబడి, మూట మెత్త ముందు పెట్టింది.

"అడిగినా శెట్టీ. గండి ఆంజనేయస్వామి మింద ఒట్టు, నేను తాకలా అనింది. మా యన్న యిన్లా. కట్టె తీసుకోని కొట్టినాడు. పెదివి పగిలిపాయె. వీధి వీధంతా వచ్చి చూసింది. అయినా వొప్పుకోలా దొంగది." ఆమె గొంతులో కసి వుంది, సిగ్గూ వుంది. "సగానికే తీసుకో. నాకు యెద్దు కావల్ల."

గౌరి చెంబుతో నీళ్ళు తీసుకొని తెర దాటి వచ్చింది. ఈశ్వరయ్య ఒక చూపు చూసినాడు గానీ, దప్పికగొన్న ఆడమనిషికి నీళ్ళిస్తూ వుంటే ఏమంటాడు. గౌరి ఆమె పక్కన కూర్చుంది.

"గట్టిగా ముడేసినావే. ఉండు, నేను తీస్తా," అని మూట అందుకుంది. "నీళ్ళు తాగక్కా ముందు."

ఓబులమ్మ చెంబు ఎత్తింది. ముడి విడింది. గౌరి గుడ్డ అంచులు నాలుగు వైపులా సర్ది, జుట్టు చెవి వెనక్కి తోసుకొని, చెయ్యి తీసేసింది.

ఈశ్వరయ్య గుండ్లు పళ్ళెంలోకి ఒంపినాడు. వేలితో జరిపి చూసినాడు. మళ్ళీ చూసినాడు. ఓబులమ్మ మెడ చాపింది.

"ఇదేంది! పదకొండుండాయే! ఈ రాగి ముక్కలు గాకుండా పదకొండు!" ఆమె మోకాలి మీద చరుచుకుంది. "చూసినావా శెట్టీ! కట్టె దెబ్బకు భయపడి, నేను పండుకున్న్యప్పుడు తెచ్చి మూటలో వేసింది దొంగముండ! ఒట్టు గూడా వేసిందే! నేను ఇప్పుడే పోయి మా యన్నకు చెబుతా. దాన్ని యింట్లోనే వుండనీకూడదు."

గౌరి అనుకున్నది ఇది కాదు. గుండు తిరిగి చేరితే అంతటితో సరిపోతుందనుకుంది.

ఈశ్వరయ్య ఓబులమ్మ వైపు చూడటంలేదు. గౌరి చేతిని చూస్తున్నాడు. తర్వాత ముఖం చూసినాడు. ఆయన పెదవుల మీదికి మెల్లగా ఒక నవ్వు వచ్చింది. ఆరేండ్లలో ఆమె వంటకు గానీ, ఆమె చీరకు గానీ, ఆమెకు గానీ ఆయన అట్లా నవ్వింది లేదు. ఒక పనివాడు ఇంకొక పనివాణ్ణి చూసి నవ్వే నవ్వు అది.

"నేను మొన్ననే అనుకుంటి ఓబులమ్మా, దొంగలు ఇంట్లోనే వుంటారని," అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి గౌరితో, "చెయ్యి బాగా తిరిగిందే నీకు. ఈసారి ఆడోళ్ళు వచ్చినప్పుడు నువ్వే కూర్చో," అన్నాడు.

ఆయన నవ్వు గౌరికి తన మీద జిగురుగా అంటుకున్నట్టనిపించింది.

"మీ వదిన తీయలేదక్కా," అనింది గట్టిగా. "మొన్న మార్చింది ఈయన. ఇప్పుడు వేసింది నేను."

ఓబులమ్మ అర్థం కానట్టు చూసింది. తర్వాత నవ్వింది కూడా. "శెట్టి అట్లాంటోడు కాదులేమ్మా. మా నాయన కాలం నుంచి..."

గౌరి మెత్త కింద చెయ్యి పెట్టి జరదా డబ్బా లాగింది. ఈశ్వరయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. డబ్బా బోర్లించింది. ఇరవై గుండ్లు మెత్త మీదనుంచి బండల మీదికి దొర్లుకుంటూ పోయినాయి. అందులో ఒకటి ఎత్తి వేళ్ళ సందులో పెట్టుకొని, పళ్ళెంలోనుంచి ఒక బంగారు గుండు తీసి, ఓబులమ్మ కండ్ల ముందర, నిదానంగా, చేతిని ఏమాత్రం దాచకుండా, మార్చి చూపించింది.

"ఎండకు దీనికి తల తిరిగింది," అన్నాడు ఈశ్వరయ్య వీధిలోకి వినపడేట్టు. తెర వెనకనుంచి జయలక్ష్మమ్మ, "లోపలికి రావే!" అని అరిచింది.

ఓబులమ్మ ఎవరి మాటా వినలేదు. దొర్లిన గుండ్లలో ఒకదాన్ని ఎత్తుకొని, పంటి కింద పెట్టి నొక్కి, తీసి చూసింది. పూత లేచింది. ఈశ్వరయ్య ముఖం మీదికి విసిరింది. తన పదకొండూ ఏరుకొని కొంగున కట్టుకుంది. అప్పుడు గౌరి వైపు తిరిగింది.

"మొన్న నువ్వు తెర వెనకాల వున్న్యావు. నీ గాజుల చప్పుడు విన్న్యా నేను. నీ నోరు మొన్న యేమాయె?"

గౌరి చేతిలో మిగిలిన పూత గుండును కొంగున ముడేసుకుంది.

"మొన్న నువ్వు నోరు తెరిచింటే ఆ కట్టె లేచిండదు. ఇప్పుడు నేను పోయి చెబితే మా యన్న నమ్ముతాడా? శెట్టి మారుస్తాడంటే ఎవురు నమ్ముతారు? నువ్వొచ్చి చెప్పు. రా."

గౌరి లేచింది. చెప్పులు వెనక వసారాలో వున్నాయి. తొడుక్కునేటప్పుడు చూస్తే, హజరాబీ సగం కుట్టిన బొంత అట్లాగే వదిలేసి, దారపు వుండ, సూదులు గుడ్డలో చుట్టుకుంటోంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాప పక్కన నిద్రపోతోంది.

"నేను వచ్చేదాకా పాప దగ్గర వుంటావా?" అనింది గౌరి.

హజరాబీ చుట్టిన గుడ్డ కింద పెట్టి, పాప పక్కన కూర్చుంది.

*

జమ్మలమడుగులో ఓబులమ్మ అన్న ఇల్లు ఊరి చివర వుంది. నాపరాతి అరుగు మీద ఆయన చుట్ట తాగుతూ కూర్చొని వున్నాడు. గడప లోపల ఆయన పెండ్లాము చెన్నక్క రాగులు చెరుగుతోంది. కింది పెదవి నల్లగా వాచి పక్కకు జరిగింది. ఓబులమ్మ ఆమెను చూడలేక చూపు దించుకొని, అన్నతో జరిగిందంతా చెప్పింది. ఆయన నమ్మలేదు.

"కండ్ల ముందర పెట్టుకోని ఎట్ల మారుస్తాడు? మేమేం గుడ్డోళ్ళమా?"

"చూపిస్తా," అనింది గౌరి.

అరుగు మీద కూర్చొని, ఓబులమ్మ ఇచ్చిన గుండు ఒకటి, దొర్లినవాటిలో తెచ్చిన పూత గుండు ఒకటి తీసుకుంది. అప్పటికే ఇరుగుపొరుగు వచ్చి మూగినారు. శెట్టి పెండ్లాము, పట్టుచీర అంచు, మెడలో గొలుసు, అరుగు మీద ఏమి చేస్తోందోనని. ఆమె మార్చింది. చెయ్యి తెరిచి రెండూ చూపించింది. ఎట్లా చేసిందో వేలు వేలు విప్పి చెప్పింది.

జనం "ఓ" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టినారు. ఎవరో ఈల వేసినారు. చెన్నక్క మొగుడు చుట్ట నోట్లోంచి తీసి, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వినాడు.

"అబ్బబ్బ! శానా బాగుండాదే! ఇంగోతూరి చెయ్యమ్మా!"

గౌరి గుండ్లు రెండూ పిడికిట్లో మూసుకుంది. రెండు రోజుల కింద ఈ గుండు కోసమే ఈ మనిషి కట్టె ఎత్తినాడు.

"ఇది ఆట కాదు," అనింది. "నీ పెండ్లాము దొంగ కాదని చెప్పేదానికి వచ్చినా."

"అయితే కాదులే. తెలిసింది గదా యిప్పుడు," అన్నాడు ఆయన. ఇంకా నవ్వుతూనే వున్నాడు. "ఒక్కసారి, మా పిల్లోళ్ళకోసరం."

చెన్నక్క చాట కింద పెట్టింది. చేతుల దుమ్ము దులుపుకొని లోపలికి పోయింది. కాసేపటికి చిన్న మూటతో బయటికి వచ్చి, గడప దగ్గర నిలబడిన ఓబులమ్మను "రోంత జరుగు" అని, అరుగు దిగి నడిచింది. వెనక్కి చూడలేదు. మొగుడు "యాడికి?" అన్నాడు. రెండోసారి అన్నాడు. మూడోసారి అనేసరికి ఆయన ముఖంలో నవ్వు పోయింది.

గౌరి ఆమె వెంట నడిచింది. బస్సులు ఆగే చోట వేపచెట్టు నీడన ఇద్దరూ నిలబడినారు. చెన్నక్క ముద్దనూరు మీదుగా పులివెందులకు పోవాలి. వాళ్ళమ్మది అక్కడే. పులివెందుల బస్సు వచ్చి ఆగింది. మనుషులు దిగుతున్నారు.

"గుండు నువ్వు మూటలో వేసినప్పుడు ఓబులమ్మ చూడలేదంట గదా," అనింది చెన్నక్క. పెదవి కదిలించడం నొప్పిగా వుండి మాటలు నెమ్మదిగా వచ్చినాయి. "నువ్వు వూరికే వుండింటే నీ సంసారం నీకు వుండేది. నేనెవురో నీకు తెల్దు. యెందుకు చెప్పినావు?"

నీకోసమే అని చెప్పాలనుకుంది గౌరి. నోటిదాకా వచ్చింది. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

"నీకోసరం కాదక్కా. ఆయన నన్ను చూసి నవ్వినాడు, మెచ్చుకోని. అది నాకు పడలా."

చెన్నక్క అప్పుడు మొదటిసారి ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. "మావాడూ నవ్వినాడు, చూసినావు గదా," అనింది. మూట చంకన పెట్టుకొని బస్సెక్కింది. కిటికీ పక్కన చోటు దొరికింది. బస్సు కదిలేటప్పుడు చెయ్యి కిటికీ బయట పెట్టింది. ఊపలేదు, వూరికే పెట్టి వుంచింది, దుమ్ములో కనపడినంత దూరం.

ప్రొద్దుటూరు బస్సు వచ్చేసరికి ఎండ వాలింది. గౌరి ఎక్కి ముందు సీటులో కూర్చుంది. కండక్టరు టికెట్ల కట్ట తీసినాడు.

"ప్రొద్దుటూరేనా అమ్మా?"

"ఆ. ప్రొద్దుటూర్లో దిగినాక ఎర్రగుంట్లకు బస్సు దొరుకుతాదా, పొద్దు గూకేలోపల?"

"ఆరింటికి ఒకటుండాది. ఎర్రగుంట్లలో ఎవురుండారు?"

"మా నాయన," అనింది గౌరి. కొంగు ముడి విప్పి చిల్లర తీస్తూ, "ఆ బస్సులో నాలుగేండ్ల పాపకు టికెట్టు అడుగుతారా?" అని అడిగింది.